ఉరుముగారి కొత్త బూట్లు

కంపెనీ అన్నాక సంతకం పెట్టడానికి ఒక కెప్టెన్ ఉంటాడు. చెప్పింది చెయ్యడానికి వందమంది సిపాయిలుంటారు. పైనుంచి వచ్చిన గొణుగుడును అరుపుగా మార్చి కిందికి పంపడానికి, కిందనుంచి వచ్చిన మూలుగును ‘అంతా బాగానే ఉంది సార్’ అని మార్చి పైకి పంపడానికి మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషినే పెద్ద సార్జెంటు అంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది ఆ ఉద్యోగం. అయినా ఎవరిని కదిలించినా ఆ ఉద్యోగమే కావాలంటారు. మీసం పెంచుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు మరి.

ఈ కంపెనీలోని పెద్ద సార్జెంటును సిపాయిలు ‘ఉరుము’ అనేవారు, చాటుగా. ఆ సంగతి ఆయనకు తెలియదని వాళ్ల నమ్మకం. ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు. ఆయన ‘సావధాన్’ అన్నాడంటే సిపాయిలు పడుకునే బారకు కప్పు మీది కాకులు లేచిపోయేవి, వంటశాలలో గరిటె జారిపోయేది, సిపాయిల కుటుంబాలుండే వరసలో పసిపిల్లలు ఉలిక్కిపడి పాలు కక్కేవారు. పక్కవాడిని ఉప్పు అడిగినా అదే గొంతు. ఆయనకు ఇంకో గొంతు ఉందో లేదో పెళ్లాం కూడా చెప్పలేకపోయేది.

పని మాత్రం వచ్చినవాడే. ఆ మాట ఒప్పుకోవాలి. సిపాయిల కూడు వాళ్లకంటే ముందు తాను రుచి చూసేవాడు, వాళ్లందరూ తిన్నాక తాను తినేవాడు. ఎవడి మంచం కుంటుతోందో, ఎవడు ఇంటినుంచి కబురు లేక మొహం వేలాడేసుకున్నాడో ఆయనకు తెలిసేది. దూరం నడిచి వచ్చిన రోజు సాయంత్రం అందరినీ మంచాల మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపమని, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కడి పాదం చేతిలోకి తీసుకుని చూసేవాడు. బొబ్బ ఉంటే మందు రాసేవాడు, గోరు పెరిగితే తిట్టేవాడు. పెద్ద సార్జెంటు సిపాయి కాలు పట్టుకోవడం ఆ పటాలంలో పాత ఆచారం. మిగతా కంపెనీల వాళ్లు ఏనాడో మానేశారు. ఈయన మానలేదు. మానలేదని నలుగురికీ చెప్పుకోవడమూ మానలేదు.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు తప్పకుండా చెప్పేవాడు.

ఒకటి: “కొత్త బూటు కొత్త కోడలు లాంటిదిరా. వచ్చిన రోజే ఇంటెడు చాకిరీ నెత్తిన పెట్టకూడదు. రోజూ కాసేపు తొడుక్కుని తిరగాలి, మెల్లిగా మచ్చిక చేసుకోవాలి. లేదంటే రక్తం కళ్లచూస్తుంది.”

రెండోది చెప్పేటప్పుడు గుండె మీద చెయ్యి వేసుకునేవాడు: “నా కంపెనీలో మంచి జరిగితే మీది. చెడు జరిగితే నాది.”

ఈ రెండో ముక్క చెప్పినప్పుడల్లా ఆయన కళ్లే చెమర్చేవి. చెప్పడానికి ఖర్చేముంది? అప్పటిదాకా ఆ మాటతో ఎవరికీ అవసరం పడలేదు.

ఆ ఏడు అవసరం వచ్చింది.

పటాలమంతటికీ పెద్దదిక్కుగా ఉండే సార్జెంటు మోకాళ్లు పట్టేసి ఇంటికి పోతున్నాడు. ఆయన చేతిలో ఉండే వెండి పొన్నుకర్ర ఇంకొకరి చేతికి రావాలి. కర్రతోపాటు వరస చివర మూల ఇల్లు కూడా వస్తుంది. ఆ ఇంటి వంటగదికి నిలువెత్తు కిటికీ ఉంది, సొంత కుళాయి ఉంది. ఉరుముగారి వంటగదికి కిటికీ లేదు. పొగకు ఆయన భార్య కళ్లు ఏడాది పొడవునా ఏడ్చినట్టే ఉండేవి. ఉప్పు ఎక్కువైందని అరిస్తే ఏడ్చిందో, పొగకు ఏడ్చిందో ఆయనకెప్పుడూ తేలేది కాదు. నీళ్లకు వరస మధ్యలో ఉన్న పంపు దగ్గరికి వెళ్లాలి. వెళ్తే బిందె నిండేలోపు ఊరి సంగతులన్నీ నిండేవి.

తనిఖీకి జనరల్‌గారు స్వయంగా వస్తున్నారని, అయ్యాక ఆయన చేత్తోనే కర్ర ఇస్తారని కబురు వచ్చింది. కర్ర ఇద్దరిలో ఒకరిది. ఒకరు ఉరుము. రెండోవాడు పక్క కంపెనీ సార్జెంటు, మారుపేరు ‘అద్దం’. తలనుంచి కాలిదాకా ఎప్పుడూ తళతళలాడేవాడు. ప్యాంటు మడత చెదురుతుందని కూర్చునేవాడు కాదు, ఒంగేవాడూ కాదు. ఆయన కంపెనీలో సిపాయిలకు కాళ్లున్నాయన్న సంగతి ఆయనకు తెలుసో లేదో అనుమానమే.

ఉరుముకు నిద్ర కరువైంది. ఒకరోజు పొద్దున్నే గదిలో తలుపు చేరవేసుకుని, బూజుకర్ర చంకలో పెట్టుకుని, గోడకున్న అద్దం ముందు నిలబడి మీసం దువ్వాడు. నాలుగడుగులు వేశాడు. వెనక్కి తిరిగాడు. గుమ్మంలో అత్తగారు.

అత్తగారు కూతురి దగ్గరే ఉంటుంది. నోట పళ్లు లేవు, మాటకు మాత్రం కోరలున్నాయి. అల్లుడితో ముఖాముఖి మాట్లాడటం మర్యాద కాదని, ఎదురుగా ఉన్నా అన్నీ కూతురికే చెప్పేది.

“అమ్మాయ్! అల్లుడుగారు బూజు దులపడానికి బయల్దేరారే! తలకు గుడ్డ కట్టుకోమను, మీసంలో పడుతుంది.”

“దులపడం కాదు, ఇది... వ్యాయామం!” అని ఉరిమాడు ఉరుము.

“వ్యాయామమటమ్మా. ఆ ఈశాన్యం మూల సాలీడు గూడు కూడా పెట్టింది. దానిచేత కూడా చేయించమను.”

వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది. పొగలో కూడా నవ్వగలదు ఆవిడ.

ఆ వారమే డిపోనుంచి కొత్త బూట్లు వచ్చాయి, పెట్టెలకు పెట్టెలు. నల్లగా, బిర్రుగా, కర్రముక్కల్లా ఉన్నాయి. స్టోరు చూసే కార్పొరల్ వాటిని లెక్కపెట్టి అరల్లో సర్దాడు. నెమ్మదైన మనిషి. భార్యకు నెలలు నిండాయి. ఆవిడ కడుపు మీద చెయ్యి వేసుకుని పంపు దగ్గర నిలబడితే ఆడవాళ్లంతా బిందె ముందు పెట్టనిచ్చేవారు.

“సార్, రేపట్నుంచి పూటకి కాసేపు తొడిగిస్తే తనిఖీనాటికి కాళ్లకు అలవాటవుతాయి” అన్నాడు కార్పొరల్.

“తొడిగితే ముడతలు పడవా? ముడత పడ్డ బూటు మెరుస్తుందా?”

“మీరే అంటారు కదా సార్, కొత్త కోడలని...”

“కోడలికి పెళ్లిచూపులే కాలేదు, అప్పుడే పొయ్యి దగ్గర పనేంటయ్యా! జనరల్‌గారు బూట్లే చూస్తారట. వాటిలో ఆయన మీసం ఆయనకు కనిపించాలట. తనిఖీ అంటే నిలబడ్డమే గానీ నడిచేదెక్కడ? స్టోరుకు తాళం వెయ్యి! ఒక్కడి కాలి బొటనవేలు కూడా వాటిలోకి పోవడానికి వీల్లేదు! తాళం వెయ్యమన్నానా లేదా!”

స్టోరు కిటికీ అద్దాలు గలగలలాడాయి. కార్పొరల్ తాళం వేశాడు. ఉరుము కెప్టెన్‌ను అడిగితే, “మీకెలా తోస్తే అలా కానివ్వండి సార్జెంట్” అన్నాడు. ఆయన ఎప్పుడూ ఆ మాటే అనేవాడు. ఆ మాట అనడానికే చదువుకున్నట్టుండేవాడు.

ఇక రోజూ సాయంత్రం తాళం తీయడం, సిపాయిలు వరసగా కూర్చుని గుడ్డ ముక్కలతో బూట్లను రుద్దడం, మళ్లీ లోపల పెట్టి తాళం వేయడం. కాలు మాత్రం దూరనిచ్చేవాడు కాదు ఉరుము. పెళ్లికూతుర్ని కూడా ఎవరూ అంత రుద్దరు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఎవరో ఒక సిపాయి గొణిగాడు గానీ, ఉరుము అటు తిరిగేసరికి అది దగ్గుగా మారిపోయింది.

తనిఖీ రోజు తెల్లారింది. కాళ్లకు కొత్త బూట్లెక్కాయి. కదిలితే కిర్రుమన్నాయి. కదలకుండా నిలబడ్డారు.

జనరల్‌గారు వచ్చారు. పొట్టిగా, గుండ్రంగా, నవ్వు మొహంతో ఉన్నారు. వెనకాల సహాయకుడి చేతిలో పొన్నుకర్ర, దాని వెండి తల మీద పొద్దుటి ఎండ. అద్దంగారి కంపెనీ ముందు ‘బాగుంది’ అని దాటిపోయారు. ఉరుముగారి కంపెనీ ముందుకొచ్చి ఆగారు. ముందువరసలో ఒకడి బూటు మీదికి ఒంగారు. అందులో తన మీసం చూసుకున్నారు. చూసుకుని, అక్కడే ఆ బూటులోనే చూస్తూ, మీసం కొస మెలిపెట్టుకున్నారు.

“ఈ కంపెనీ సార్జెంటెవరు?”

“నేనే సార్!” కాకులు లేచాయి.

“ఇలాంటి కుర్రాళ్లను నిలబెట్టి చూసి పోతే పాపమయ్యా! నడుస్తుంటే చూడాలి. పదండి, ఏటి వంతెన దాకా పోయొద్దాం. నేనూ నడుస్తాను!”

అక్కడ చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది: ‘సార్, బూట్లు కొత్తవి, పాతవి తొడుక్కుని వస్తారు.’ అంతే. పెద్ద సార్జెంటుకు జీతమిచ్చేదే ఆ ఒక్క మాట పైకి చెప్పడానికి. కిందికి అరవడానికైతే మైకు చాలు. కానీ ఉరుము కళ్లు పొన్నుకర్ర మీద ఉన్నాయి. కర్ర వెనక మూల ఇంటి కిటికీ, కిటికీ వెనక తన మీసం. ఆ మాట మింగేశాడు. మింగి, “సరే సార్!” అని ఉరిమాడు.

కదిలారు. పరేడ్ మైదానం దాటేదాకా బూట్ల చప్పుడు ఒక్కటిగా ఉంది. బజారు మొదట్లో కొంచెం చెదిరింది. బజారు చివరికొచ్చేసరికి రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టయింది. ఒకడు మడమ ఆనించకుండా నడుస్తున్నాడు, ఒకడు వేళ్లు ఆనించకుండా నడుస్తున్నాడు. నిప్పుల మీద నడిచినట్టు అందరూ ఎగురుతున్నారు. ఉరుముగారి కాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. తన పాత బూట్లకే అడుగు తోలు మార్పించి, మెరుగు పెట్టి తొడుక్కున్నాడు మరి. తన కోడలు పాత కోడలు.

జనరల్‌గారు ముందు నడుస్తూ, పాత యుద్ధాల కబుర్లు చెబుతూ వంతెన దగ్గరికి చేరి, గర్వంగా వెనక్కి తిరిగారు. కెప్టెన్, ఉరుము, ఇంకా పిడికెడు మంది కనిపించారు. మిగతా కంపెనీ దారి పొడవునా ఉంది. కల్వర్టు మీద కొందరు, సైకిల్ షాపు మెట్ల మీద కొందరు, కూరగాయల బండి నీడన కొందరు. బూట్లు తాళ్లు కట్టి మెడలో వేసుకుని పాదాలు ఊదుకుంటున్నారు. కాయలమ్మే ముసలామె ఒక సిపాయి చేతిలో దోసకాయ ముక్క పెట్టి, “ఏం నాయనా, ఓడిపోయామా?” అని అడిగింది.

జనరల్‌గారు విందుకు ఉండలేదు. కారెక్కుతూ కెప్టెన్‌తో, “తప్పు ఎవరిదో రేపటికల్లా నాకు రాసి పంపు. కర్ర సంగతి ఆ తర్వాత చూద్దాం” అన్నారు. కర్ర కారులో ఆయన పక్కన కూర్చుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కెప్టెన్ ఉరుమును గదిలోకి పిలిపించాడు.

“స్టోరు తాళాలు ఎవరి దగ్గరుంటాయి సార్జెంట్?”

“కార్పొరల్ దగ్గర సార్.”

“బూట్లు వేళకు ఇవ్వాల్సింది?”

“స్టోరే సార్.”

“అంటే కార్పొరల్ అశ్రద్ధ. అంతేనా?”

ఉరుము పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. దాని కడ్డీ మీద బూజు ఉంది. “మీరెలా అంటే అలాగే సార్” అన్నాడు. అచ్చం కెప్టెన్‌లాగే అన్నాడు.

“మంచిది. వాడి చేతి మీది కార్పొరల్ పట్టీలు పోతాయి, ఇల్లు ఖాళీ చేయాలి. మీ కర్రకు ఢోకా లేదు. టైపు చేయించి పొద్దున్న పంపిస్తాను.”

ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు అని ఊరికే అనలేదు పెద్దలు.

కెప్టెన్ గదిలోని మాట పంపు మీదుగా ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. భార్య మంచినీళ్లిచ్చింది. అత్తగారు గడపలో కూర్చుని పప్పు ఏరుతోంది.

“అమ్మాయ్, మీ ఆయన గొంతుకు ఏమైందో అడగవే. వీధి చివరినుంచి వినపడే మనిషి, లోపలికొచ్చినా తెలియలేదు.”

“తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి” అన్నాడు ఉరుము, ఎవరూ అడగకుండానే.

“తాళం ఎవరి దగ్గరుంటే ఏంటండీ” అంది భార్య. “వెయ్యమన్న గొంతు పంపు దగ్గర మేమంతా విన్నాం. ‘బొటనవేలు కూడా పోవడానికి వీల్లేద’న్నారు. నా బిందె నిండి పొర్లిపోయింది, వింటూ నిలబడ్డాను.”

నోరా వీపుకు తేకే అని ఆయన తన నోటిని ఆ ఒక్కరోజు తిట్టుకున్నాడు.

“నీకే కదా ఆ మూల ఇల్లు కావాలని...”

“నాకు కావాలి. కాదని ఎవరన్నారు? కిటికీకి తెర కూడా చూసి పెట్టుకున్నాను. కానీ నిండు నెలల్లో ఆ పిల్ల సామాను బండికెక్కిస్తుంటే, ఆ కిటికీలోంచే కదండీ చూడాలి నేను!”

ఆయన లేచాడు. కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరిగి, మందు డబ్బా తీసుకుని బారకు వైపు నడిచాడు. దూరం నడిచిన రోజు సాయంత్రం పాదాలు చూడాలి. ఆచారం ఆచారమే. మిగతా ఏది పోయినా అది మానకూడదు.

బారకులో అందరూ మంచాల మీద కాళ్లు చాపుకుని ఉన్నారు. ఉరుము మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటి పాదం తీసుకున్నాడు. మడమ మీద తోలు లేదు. రెండోది. మూడోది. ఎవరూ మూలగడం లేదు. మూలిగినా బాగుండేది.

“కొత్త కోడలు కరిచింది సార్” అన్నాడు ఒక పొడుగు సిపాయి, మందు మండుతుంటే పళ్లు కొరుక్కుంటూ.

ఆయన తిట్టకుండా పక్క మంచానికి జరిగాడు.

చివరి మంచం మీద స్టోరు కార్పొరల్, ఇంటినుంచి వచ్చి కూర్చున్నాడు. అతనూ నడిచాడు. బూట్లు ఇంకా విప్పలేదు.

“విప్పవయ్యా.”

“నాకేం కాలేదు సార్. వద్దు.”

“విప్పు.”

విప్పాడు. మేజోడు మడమకు అతుక్కుపోయింది. ఉరుము గోరువెచ్చటి నీళ్లతో తడిపి, కొంచెం కొంచెంగా ఊడదీశాడు. తలెత్తలేదు. పైనుంచి కార్పొరల్ గొంతు మెల్లగా వచ్చింది.

“సార్, ఒక్క సాయం చెయ్యండి. ఇల్లు ఖాళీ చేయాలని కెప్టెన్‌గారు కబురు పంపారు, ఆ మాట మా ఆవిడకు మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు. ‘మీ సార్జెంటుగారు ఉండగా అలా ఎందుకవుతుంది’ అంటోంది.”

ఉరుము ఆ పాదానికి మందు రాశాడు. గుడ్డ చుట్టాడు. ముడి సరిగా పడలేదు. ఇన్నేళ్లలో ఆయన వేసిన ముడి ఊడటం సిపాయిలు చూడటం అదే మొదలు.

పొద్దున్నే కెప్టెన్ గది ముందు నిలబడ్డాడు.

“తాళం వెయ్యమన్నది నేను సార్” అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు. ఆయనకు ఇంకో గొంతు ఉందన్నమాట. అంత నెమ్మదిగా అంటే కెప్టెన్‌కు వినపడలేదు. రెండోసారి అనవలసి వచ్చింది.

కెప్టెన్ మొహం చిట్లించాడు. “ఇప్పుడా చెప్పడం? టైపు అయిపోయింది. సంతకం కూడా పెట్టేశాను.”

“ఇంకోసారి టైపు చేయించండి సార్.”

“టైపు గుమాస్తా సెలవు మీద పోయాడు. అయినా మీకే కదా మంచిది! వెళ్లి పని చూసుకోండి సార్జెంట్. ఈ మాట నేను వినలేదనుకుంటాను.”

న్యాయం ఎంత తేలిగ్గా ఆగిపోతుందో చూడండి, గుమాస్తా సెలవు చాలు. ఉరుము గుమ్మం దాకా వెళ్లాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నాడు. తొక్కాడు కదా, కడగాలి. వెనక్కి తిరిగి, మడమలు కలిపి, రొమ్ము విరిచి, తన అసలు గొంతంతా విప్పాడు.

“తాళం వెయ్యమన్నది నేను సార్! కార్పొరల్ వద్దన్నాడు సార్! తప్పు నాది సార్!”

కాకులు లేచాయి. వంటశాలలో గరిటె జారింది. మైదానంలో కుంటుతున్న కంపెనీ మొత్తం ఆగి అటు తిరిగింది. పంపు దగ్గర బిందెలు పొర్లాయి. పక్క కంపెనీ వరండాలో అద్దంగారు ఉలిక్కిపడి, మడత చెదిరిందేమోనని ప్యాంటు చూసుకున్నారు. పటాలమంతా విన్న మాటను వినలేదనడం కెప్టెన్‌కు కూడా చేతకాలేదు. విసుక్కుంటూ తానే టైపు మిషను ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

కర్ర అద్దంగారికి వెళ్లింది. చూడటానికి ఆయన చేతిలో ఎంతో బాగుంటుంది, అందులో వంక పెట్టేదేమీ లేదు. మూల ఇల్లూ ఆయనకే. దుమ్ము పడుతుందని ఆ ఇంటి కిటికీ ఇప్పటిదాకా తెరిచింది లేదు.

తర్వాత జనరల్‌గారి దగ్గరనుంచి అన్ని పటాలాలకూ ఒక ఉత్తర్వు వచ్చింది. జరిగినదాన్నంతా లోతుగా పరిశీలించారట, మళ్లీ ఇలాంటిది జరగకూడదని నిర్ణయించారట. కంపెనీ ముందు నిలబడి ఉరుముగారే దాన్ని చదివి వినిపించాలి. చదివాడు, ఉరుముతూ:

“ఇకమీదట... తనిఖీ రోజున... సైనికులను... నడిపించరాదు!”

వెనక వరసలో స్టోరు కార్పొరల్‌కు దగ్గొచ్చింది. ఆ దగ్గు పక్కవాడికి, వాడినుంచి వరసంతటికీ అంటుకుంది. ఉరుము కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మీసం కదులుతోందని ముందువరస వాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి కార్పొరల్ ఇంట్లో పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది, వరసంతా. తన వంటగదిలో పొగ ఎప్పట్లాగే ఉంది. భార్య కళ్లు ఎప్పట్లాగే ఎర్రగా ఉన్నాయి. ఆయన కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది. తిని లేచేసరికి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది, చేతిలో బూజుకర్ర. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ సూటిగా అల్లుడి మొహంలోకి చూసింది.

“అల్లుడుగారూ, ఇది పట్టుకోండి. మీ కర్ర మీకే వచ్చింది.”

అందుకున్నాడు. తలకు గుడ్డ చుట్టుకుని, స్టూలెక్కి, ఈశాన్యం మూలనుంచి మొదలుపెట్టాడు. కిందనుంచి ఆవిడ వేలు చూపిస్తూనే ఉంది.

“ఆ దూలం వెనక వదిలేశారు. అదుగో, ఇంకొంచెం ఎడమకి. ఏం తనిఖీలు చేస్తారో ఏమో నాయనా, సాలీడు మీ నెత్తి మీదే ఉంది!”